పరగడుపున మూడు నూనెలు, ఐఎన్‌ఆర్ 5.2

నేను హనుమకొండలో జనరల్ మెడిసిన్ వైద్యురాలిని. ఈ కేసును రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాను. గింజల నూనెల గురించి ఓపీలో దాదాపు రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. "మంచిదా, చెడ్డదా?" అన్న ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఎందుకు చెప్పలేనో ఈ ఒక్క కేసు చూస్తే తెలుస్తుంది.

ఆమె వయసు 58. రుమాటిక్ జ్వరంతో పాడైన మైట్రల్ కవాటాన్ని 44వ ఏట తీసివేసి మెకానికల్ వాల్వ్ అమర్చారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఎసినోకౌమరాల్ వాడుతున్నారు. ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మరుసటి రోజు 3. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే సంఖ్య ఐఎన్‌ఆర్. ఇలాంటి వాల్వ్ ఉన్నవారికి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టవచ్చు, పెరిగితే రక్తస్రావం కావచ్చు. కొత్త తరం మందులకు మార్చే వీలు కూడా లేదు. మెకానికల్ వాల్వ్ ఉన్నవారిలో ఆ కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను పరీక్షించిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కాబట్టి పాత మందుతోనే, తరచూ రక్తపరీక్ష చేయించుకుంటూ సాగాలి. ఆ పని ఆమె చాలా శ్రద్ధగా చేస్తారు. మార్చి నెల ఐఎన్‌ఆర్ 2.9. ఎనిమిదేళ్లుగా మధుమేహం ఉంది. దానికి మెట్‌ఫార్మిన్, ఉదయం టిఫిన్‌కు ముందు గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు వేసుకుంటారు.

మే రెండో వారంలో కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. వారం రోజులుగా పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. దెబ్బేమీ తగలకుండానే ముంజేతి మీద రెండు చోట్ల కమిలింది. ఇవి కాక, పొద్దున పదకొండు గంటల వేళ చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. ఒకసారి ఆ సమయంలో కోడలు ఇంట్లోని గ్లూకోమీటరుతో చూస్తే 58 వచ్చింది.

తలనొప్పి లేదు, తలకు దెబ్బ తగల్లేదు, మలం నల్లగా రావడం లేదు. రక్తపోటు 128/80. వాల్వ్ చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఐఎన్‌ఆర్ 5.2 అని వచ్చింది. హీమోగ్లోబిన్ 11.4, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు, క్రియాటినిన్ 0.9. కాలేయం, థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 7.1.

"కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే లేదన్నారు. యాంటీబయాటిక్ వాడలేదు, నొప్పి మాత్రలు వాడలేదు. మోకాళ్లు నొప్పిగా ఉంటే ఎప్పుడో ఒక పారాసిటమాల్ వేసుకుంటారు, అంతే. ఐఎన్‌ఆర్ ఇంత పెరగడానికి మేము మొదట వెతికే కారణాలు అవే.

ఇలాంటప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. "పొద్దున లేవగానే పరగడుపున ఏం తీసుకుంటున్నారు?" మెంతులు నానబెట్టిన నీళ్లు, కాకరకాయ రసం, ఉసిరి రసం, తేనె కలిపిన నిమ్మరసం... మన ఇళ్లలో ఆరోగ్యం కోసం చేసే ప్రయత్నాలన్నీ ఆ గంటలోనే జరుగుతాయి. వాటిని మందుల జాబితాలో ఎవరూ చెప్పరు. దాచాలని కాదు, వాటిని మందులనుకోరు కాబట్టి. "మందులు" అని అడిగినంతకాలం ఆ సమాధానం రాదు.

ఆమె వెంటనే చెప్పారు. ఉగాది తరువాత నుంచి అవిసె నూనె రెండు పెద్ద చెంచాలు, నల్లజీలకర్ర నూనె పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా తాగుతున్నారట. అమెరికాలో ఉన్న చిన్న కొడుకు పంపిన ఒమేగా క్యాప్సూళ్లు రోజుకు మూడు వేసుకుంటున్నారట. "అది మందు కాదు కదా డాక్టరమ్మా, నూనే కదా! మా చెల్లెలు వాడింది, మోకాళ్ల నొప్పులు తగ్గాయంది." నూనె తాగాక గంటసేపు ఏమీ తినకూడదని కూడా ఎవరో చెప్పారట.

మూడు సీసాలూ తెప్పించి చూశాను.

మూడు సీసాలు

మొదటిది గానుగ నూనె దుకాణంలో కొన్న అవిసె నూనె. లీటరు పట్టే తెల్లటి ప్లాస్టిక్ సీసా. గింజ ఆడించిన తేదీ లేదు, లైసెన్సు సంఖ్య లేదు. వంటింట్లో పొయ్యి పక్క గట్టు మీద ఉండేదట. మూత తీయగానే కిటికీలకు కొత్తగా వేసిన పెయింటు వాసన వచ్చింది. ఆ పోలిక ఊరికే చెప్పడం లేదు. పెయింట్లలో, పుట్టీలో, క్రికెట్ బ్యాట్లకు పట్టించడానికి వాడే లిన్సీడ్ ఆయిల్ ఈ అవిసె నూనే. గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే గుణం వల్లనే దాన్ని పెయింట్లలో వాడతారు. ఆ గుణానికి కారణం, మనం ఆరోగ్యం కోసం కోరుకునే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వే. అవిసె నూనెలో సగానికి పైగా అదే ఉంటుంది. దాని అణువులో మూడు ద్విబంధాలు ఉంటాయి, ఆక్సిజన్ దాడి చేసేది వాటి పక్కనే. వేరుశనగ నూనె, నువ్వుల నూనె అలవాటైన మనకు నూనె నెలల తరబడి గట్టు మీద నిలవ ఉంటుందన్న నమ్మకం ఉంది. అవిసె నూనెకు అది పనికిరాదు. హనుమకొండలో మే నెల ఎండకు, పొయ్యి వేడికి, తెల్ల సీసాలోంచి పడే వెలుతురుకు అది కొద్ది వారాల్లోనే కనరెక్కుతుంది.

గానుగ పట్టించిందా, కట్టె గానుగా, ఎద్దు గానుగా అని అడిగి కొనేవాళ్లను చాలామందిని చూస్తున్నాను. ఎప్పుడు ఆడించారు అని అడిగేవాళ్లు తక్కువ. అవిసె విషయంలో మొదట అడగాల్సింది ఆ ప్రశ్నే. తాగే అవిసె నూనె చిన్న ముదురు రంగు గాజు సీసాలో ఉండాలి, ఆడించిన తేదీ ఉండాలి. ఇంటికి తేగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, మూత తీశాక ఒకటిన్నర, రెండు నెలల్లో అయిపోవాలి. వేయించడానికి, తాలింపుకు వాడకూడదు. నూనె ఎంత చెడిందో కొలవడానికి పెరాక్సైడ్ విలువ అనే పరీక్ష ఉంది. కోల్డ్ ప్రెస్ నూనెలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం కిలోకు 15 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదంటుంది. అయితే నూనె మరీ పాతబడితే పెరాక్సైడ్లు విరిగి ఆల్డిహైడ్లుగా మారతాయి, ఆ సంఖ్య మళ్లీ తగ్గుతుంది. అందుకే మంచి కంపెనీలు ఆ ఆల్డిహైడ్లను కొలిచే అనిసిడిన్ విలువను కూడా కలిపి ఇస్తాయి. ఇంట్లో మనకున్న పరికరం ముక్కు. పెయింటు వాసన, చేపల వాసన, నాలుకకు ఘాటైన చేదు తగిలితే ఆ సీసా పారేయాల్సిందే, ఎంత పెట్టి కొన్నా సరే. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే లిన్సీడ్ ఆయిల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తాగకూడదు. "బాయిల్డ్" అని రాసి ఉండేదానిలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు.

పరిమాణం సంగతి చూద్దాం. రెండు పెద్ద చెంచాలంటే దాదాపు 28 గ్రాములు, అంటే 250 కిలోకేలరీలు. అందులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఎంత తక్కువగా లెక్కవేసినా 14 గ్రాములు. స్త్రీలకు రోజుకు 1.1 గ్రాము చాలన్నది అమెరికా జాతీయ అకాడమీల లెక్క. ఎక్కువ తాగినంత మాత్రాన చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్‌ఏ అదే నిష్పత్తిలో తయారుకావు. మన శరీరం ఈపీఏగా మార్చుకునేది కొద్ది శాతమే, డీహెచ్‌ఏగా మార్చుకునేది అంతకన్నా చాలా తక్కువ.

రెండో సీసా నల్లజీలకర్ర నూనె, హిందీలో కలోంజి అంటారు. దీని మీద మాత్రం లేబుల్ ఘనంగా ఉంది. షుగర్, బీపీ, క్యాన్సర్ అన్నింటికీ "శాశ్వత పరిష్కారం" అని. లేబుల్ మీద అలాంటి మాట కనిపిస్తే ఆ సీసా కింద పెట్టేయమని రోగులకు చెబుతాను. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. చట్టాన్నే పట్టించుకోని తయారీదారు సీసా లోపల ఏం పోశాడన్నది నేనెలా నమ్మాలి?

నల్లజీలకర్రను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. యునానీలో, ఆయుర్వేదంలో దానికి పెద్ద చరిత్ర ఉంది, ముస్లిం కుటుంబాల్లో దాని మీద మతపరమైన గౌరవం ఉంది. ఆధునిక పరీక్షల్లోనూ రోజుకు 1 నుంచి 3 గ్రాముల మోతాదులో పరగడుపు చక్కెర, రక్తపోటు, కొవ్వులు కొంత తగ్గినట్లు చిన్న చిన్న అధ్యయనాలు చూపాయి. అంటే అది శరీరంలో నిజంగానే పనిచేస్తుంది. పనిచేసేదైతే మందులతో కలిసినప్పుడూ పనిచేస్తుంది. అందులోని థైమోక్వినోన్, కాలేయంలో మందులను విరగ్గొట్టే సీవైపీ2సీ9 అనే ఎంజైమును అడ్డుకుంటుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఎసినోకౌమరాల్‌ను ప్రధానంగా విరగ్గొట్టేది ఆ ఎంజైమే. ఈమె రోజుకు తాగుతున్నది దాదాపు 9 గ్రాములు.

మూడోది అమెరికా డబ్బా. చూడటానికి అన్నింటికన్నా నమ్మకంగా ఉంది. చిన్న అక్షరాలు చదివితే అవిసె నూనె, బోరేజ్ గింజల నూనె, చేప నూనె కలిపిన మిశ్రమం. క్యాప్సూల్ పైపొర జెలటిన్. పుట్టుకతో శాకాహారి అయిన ఆమెకు ఇది చదివి వినిపించినప్పుడు ముఖం చిన్నబోయింది. కొడుకు ప్రేమగా పంపాడు, లేబుల్ ఎవరూ చదవలేదు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి వాటికి అమ్మే ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. అక్కడ కొనేవారు యూఎస్‌పీ వంటి స్వతంత్ర సంస్థ పరీక్షించిన ముద్ర ఉందో లేదో చూడాలి. ఈ డబ్బా మీద లేదు. బోరేజ్ నూనెలో కాలేయానికి హాని చేసే పైరోలిజిడైన్ ఆల్కలాయిడ్లు చేరే ప్రమాదం ఉంటుంది. అవి లేవని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి.

మన దేశంలో అమ్మే సప్లిమెంట్లకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు వర్తిస్తాయి. 14 అంకెల లైసెన్సు సంఖ్య, "ఔషధంగా వాడేందుకు కాదు" అన్న మాట, రోజుకు ఎంత మించకూడదో తెలిపే సూచన తప్పనిసరి. ఆ సంఖ్యను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ మూడు సీసాల్లో ఒక్కదాని మీదా ఇవన్నీ లేవు.

ఇక్కడే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గురించి ఒక మాట చెప్పాలి. రొమ్ము నొప్పికి, తామరకు (ఎగ్జిమాకు) మన దగ్గర ఇప్పటికీ విరివిగా రాస్తున్నారు. బ్రిటన్‌లో ఆ రెండింటికీ దానికి మందుగా లైసెన్సు ఉండేది. పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2002లో ఆ లైసెన్సులు ఉపసంహరించారు. తామర విషయంలో, వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష ప్రిమ్‌రోజ్, బోరేజ్ నూనెల మీద జరిగిన 27 అధ్యయనాలను పరిశీలించి, ఉత్తుత్తి క్యాప్సూళ్ల కన్నా మేలేమీ లేదని తేల్చింది. నూనె క్యాప్సూల్ మీద మందుల షాపు ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏ సమస్యకు, ఏ నూనె, ఎంత ఆధారంతో అన్నది ప్రతిసారీ అడగాల్సిందే.

దోషి ఏది?

చెమటలు, వణుకు సంగతి ముందు తేలింది. పొద్దున ఏడింటికి నూనె, ఎనిమిదింటికి గ్లిమిపిరైడ్. గంట ఆగాలన్న నియమంతో మొదలై, నూనె వల్ల ఆకలి మందగించి టిఫిన్ పదిన్నరకు చేరింది. గ్లిమిపిరైడ్ క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, తిండి వచ్చిందా లేదా అని చూడదు. నల్లజీలకర్ర కొంత తోడై ఉండవచ్చు గానీ, టిఫిన్ ఆలస్యం కావడమే ఇందుకు సరిపోయే కారణం. పరగడుపు నియమాలు మధుమేహ రోగులకు చేసే ఈ హాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఐఎన్‌ఆర్ విషయం ఇంత సూటిగా లేదు. కోడలిని తిండి గురించి విడిగా అడిగితే మరో రెండు విషయాలు బయటపడ్డాయి. ఎండలు ముదిరాక ఆకుకూరలు దాదాపు మానేశారు, రెండు పూటలా పెరుగన్నమే. తోటకూర, పాలకూర, మునగాకుల్లో ఉండే విటమిన్ కె ఎసినోకౌమరాల్‌కు విరుగుడులాంటిది. అది హఠాత్తుగా తగ్గితే అదే మోతాదు మందు ఎక్కువగా పనిచేస్తుంది. రెండోది, పెరుగన్నంలోకి బంగినపల్లి. మామిడిపండ్లు బాగా తిన్న వార్ఫరిన్ రోగుల్లో ఐఎన్‌ఆర్ పెరిగినట్లు 2002లో ఒక నివేదిక వచ్చింది. ఎసినోకౌమరాల్ కూడా అదే కోవకు చెందిన మందు.

ఇప్పుడు అనుమానితులు నలుగురు: నల్లజీలకర్ర, అవిసెతో పాటు క్యాప్సూళ్లలోని చేప నూనె, ఆకుకూరలు మానడం, మామిడి. ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణాన్ని అవిసె, చేప నూనెలు కొంత తగ్గించవచ్చు. చిగుళ్ల రక్తానికి అది తోడ్పడి ఉండవచ్చు గానీ, ఐఎన్‌ఆర్ సంఖ్యను అది వివరించదు. ఎంజైము కారణంగా నల్లజీలకర్ర మీద నా అనుమానం ఎక్కువ. అయినా పరీక్షనాళికలో కనిపించింది మనిషి కాలేయంలో అదే స్థాయిలో జరుగుతుందని చెప్పడానికి వీల్లేదు. ఒక ఇబ్బందికి ఫలానా మందే కారణమా అని అంచనా వేసే నరాంజో స్కేలుతో లెక్కవేస్తే నల్లజీలకర్రకు 3 పాయింట్లు వచ్చాయి. అంటే "కావచ్చు" అనే వర్గం. నిర్ధారణకు ఒకే మార్గం మళ్లీ ఆ నూనె తాగించి చూడటం. మెకానికల్ వాల్వ్ ఉన్న మనిషి మీద అలాంటి ప్రయోగం చేయకూడదు, చేయలేదు.

చికిత్స

మూడు నూనెలూ ఆ రోజే ఆపించాను. ఐఎన్‌ఆర్ 4.5 దాటినా 10 లోపే ఉండి, పెద్ద రక్తస్రావం లేనప్పుడు విటమిన్ కె హడావిడిగా ఇవ్వనక్కర్లేదు. వాల్వ్ ఉన్నవారికి అది ఎక్కువైతే ఐఎన్‌ఆర్ మరీ పడిపోయి గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఎసినోకౌమరాల్ రెండు మోతాదులు ఆపాము. దాని ప్రభావం వార్ఫరిన్ కన్నా త్వరగా తగ్గుతుంది. మూడో రోజు ఐఎన్‌ఆర్ 3.2 ఉంటే పాత మోతాదే తిరిగి మొదలుపెట్టాము. తలనొప్పి, వాంతులు, మలం నల్లబడటం, ఆగని రక్తం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే అత్యవసర విభాగానికి రావాలని కోడలికి రాసిచ్చాను. టిఫిన్ పళ్లెం ముందుకొచ్చాకే గ్లిమిపిరైడ్ వేసుకోవాలని చెప్పాను. చక్కెర 70 కన్నా తగ్గితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ చూడాలి.

ఆకుకూరల విషయంలో ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. రక్తం పలుచబడే మందు వాడేవారు ఆకుకూరలు తినకూడదని ఆమెకు గతంలో ఎవరో చెప్పారు. తినవచ్చు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినాలి. మామిడి మానమనలేదు. మధుమేహం కూడా ఉంది కాబట్టి చిన్న పండులో సగం, అదీ అన్నంతో కాకుండా విడిగా తినమన్నాను.

ఆమె అడిగిన తరువాతి ప్రశ్న న్యాయమైనది. "మరి మోకాళ్లకు ఏం చేయాలి?" నొప్పి లేకపోతే ఆ నూనెల జోలికే వెళ్లేవారు కాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఈమెకు ప్రమాదం. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పారు. నొప్పి మరీ ఎక్కువైన రోజున పారాసిటమాల్, అదీ రోజుకు రెండు గ్రాములు మించకుండా. వరుసగా ఎక్కువ వాడితే అది కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది.

అవిసెను పూర్తిగా వదలడం ఆమెకు ఇష్టం లేదు. నాకూ ఆ అవసరం కనిపించలేదు. వేయించి దంచిన అవిసె గింజల కారప్పొడి మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్నదే. నూనెలో లేని పీచు, లిగ్నాన్లు అనే మొక్కల పదార్థాలు అందులో ఉంటాయి. పొడి కూడా కనరెక్కుతుంది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే చేసి గట్టి మూత డబ్బాలో పెట్టుకోమన్నాను. ఐఎన్‌ఆర్ రెండుసార్లు నిలకడగా వచ్చాక, రోజుకు ఒక పెద్ద చెంచా, రోజూ అంతే, మొదలుపెట్టిన వారానికి మళ్లీ పరీక్ష. ఒకసారి ఒక్క మార్పే చేయాలన్నది ఇందులో కీలకం. ఉగాదికి మూడు నూనెలూ ఒకేసారి మొదలవడం వల్లే కారణం తేల్చడం ఇంత కష్టమైంది. నల్లజీలకర్ర పచ్చళ్లలో, రొట్టెల మీద వేసుకునేంత ఫరవాలేదు, నూనె వద్దు.

మొదటి వారం తరువాత ఐఎన్‌ఆర్ 2.9, మూడో వారంలో 3.1. అవిసె పొడి మొదలుపెట్టిన వారానికి 2.8, రెండు నెలలకు 3.0. మోతాదు పాతదే. చిగుళ్ల రక్తం మొదటి వారంలోనే ఆగింది, పదకొండు గంటల వణుకు మళ్లీ రాలేదు. ఈ నిలకడ నూనెలు ఆపడం వల్లనా, ఆకుకూరలు తిరిగి తినడం వల్లనా అంటే రెండూ ఒకేసారి జరిగాయి, విడదీయలేను.

సప్లిమెంట్ల వల్ల వచ్చే ఇబ్బందులనూ, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్‌కు తెలియజేయవచ్చన్నది చాలామంది వైద్యులు కూడా పట్టించుకోరు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే కార్యక్రమానికి ఈ కేసు వివరాలు "కావచ్చు" అన్న వర్గంలోనే పంపాను. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగులే నేరుగా ఫోను చేసి చెప్పవచ్చు. సీసా పారేయకుండా లేబుల్, బ్యాచ్ నంబరు ఫోటో తీసి ఉంచుకుంటే ఆ నివేదికకు విలువ పెరుగుతుంది.

చలికాలంలో ఆమెకు ఒక పన్ను తీయించాల్సి ఉంది. శస్త్రచికిత్సకు, పన్ను తీతకు కనీసం రెండు వారాల ముందు ఇలాంటి నూనెలు ఆపాలని దంతవైద్యుడికి రాసిన చీటీలో చేర్చాను. ఆమె మందుల జాబితాలో ఎసినోకౌమరాల్ కింద ఇప్పుడు అవిసె పొడి కూడా ఉంది, మోతాదుతో సహా.